కారు ముందు ఎడమ వైపు టక్ టక్: లింకులు మార్చాను, లోయర్ ఆర్మ్ మార్చాను, శబ్దం మాత్రం పోలేదు

పాతబండి_16

అందరికీ నమస్కారం. ఈ శబ్దం గురించి ఇక్కడ అడగాలని ఎప్పటి నుంచో అనుకుంటూ, "ఈ రిపేరుతో పోతుందిలే" అని ఆగుతూ వచ్చాను. పోలేదు.

బండి పదహారేళ్ల నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు రెండు వైపులా మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే స్తంభం), కింద లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చెయ్యి), అడ్డంగా స్టెబిలైజర్ బార్ (బండి ఎక్కువ ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ). గతుకుల రోడ్డు మీద 20, 30 వేగంలో వెళ్తుంటే ముందు ఎడమ వైపు నుంచి టక్ టక్ టక్ అని వస్తుంది. ఖాళీ చెక్కపెట్టెలో సుత్తి వేసి కుదిపినట్టు ఉంటుంది. నున్నటి రోడ్డు మీద 80లో పోయినా చప్పుడే లేదు.

మొదటి గ్యారేజీలో లింక్ రాడ్లు (ఆ బార్ కొసలను పట్టే చిన్న కడ్డీలు) అన్నారు, రెండూ మార్చారు. శబ్దం అలాగే ఉంది. రెండో చోట ఎడమ లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌తో (ఆర్మ్ కొసన ఉండే గుండు కీలుతో) సహా మార్చారు. అలాగే ఉంది. మూడో చోట ఒకాయన బండిని గేటు దాకా కూడా తీసుకెళ్లకుండానే "స్టీరింగ్ ర్యాక్ పోయింది సార్" అని తేల్చేశారు. ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే భాగం) మార్చడమంటే చిన్న పని కాదు. దానికి ఒప్పుకునే ముందు మీ మాట విందామని వచ్చాను.

లింకురాడ్డు_బాధితుడు

చెప్పింది చూస్తే నూటికి తొంభై పాళ్లు లింక్ రాడ్లే. మార్చాను అంటున్నారు, సరే, కానీ ఏ రకం వేశారు? నాసిరకం లింకు కొత్తదైనా రెండు నెలల్లో లొడలొడ అంటుంది. నా పేరు చూశారుగా, అనుభవంతో చెబుతున్నాను.

గ్రీజుచేతులు

ర్యాక్ అన్నాయన ఏం చూసి అన్నారో అడిగారా?

ర్యాక్ చూడటానికి బండి నడపక్కర్లేదు, అది నిజమే. ఇంజన్ ఆపి, స్టీరింగ్ లాక్ పడకుండా తాళం తిప్పి ఉంచి, చక్రాలు నేల మీదే ఉండగా స్టీరింగును అటూ ఇటూ కొద్ది కొద్దిగా, చకచకా ఊపాలి. ర్యాక్ బుష్‌లో (కదిలే భాగం చుట్టూ ఉండే తొడుగులో) గానీ లోపలి ర్యాక్ ఎండ్‌లో గానీ లూజు ఉంటే చేతికే తగులుతుంది. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు కింద టై రాడ్ ఎండ్ (ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ కొస) మీద, తర్వాత ర్యాక్ రబ్బరు తొడుగు మీద చెయ్యి పెట్టి చూడాలి. రెండు నిమిషాల పని. అది చేసి చెప్పండి, ర్యాక్ సంగతి తర్వాత మాట్లాడదాం.

శబ్దభేది

పాతబండి గారూ, వివరంగా రాశారు కానీ ఇంకా కొన్ని కావాలి. "ఎడమ వైపు నుంచి వస్తుంది" అన్నది చాలామంది చెప్పే మాట, అందరికంటే తక్కువ పనికొచ్చే మాట కూడా అదే. ఇనుము గుండా శబ్దం ఎక్కడికైనా పాకుతుంది. సబ్‌ఫ్రేమ్ (ముందు సస్పెన్షన్‌ను పట్టే అడుగు చట్రం) ఒకటే కాబట్టి కుడి పక్క కొట్టుకుంటున్నది ఎడమ కాళ్ల దగ్గర వినిపించిన బళ్లు చూశాను. ఎక్కడ అన్నదాని కంటే ఎప్పుడు వస్తుంది అన్నది ముఖ్యం.

స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి మెల్లగా ఎక్కి దిగినప్పుడు వస్తుందా? ఒక్క చక్రం మాత్రమే గుంటలో దిగితే? అదే గతుకుల మీద, అదే వేగంలో, బ్రేకు మీద కాలు కాస్త ఆనించి ఉంచితే శబ్దం మారుతుందా? బండి ఆగి ఉండగా స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఏమైనా తెగినట్టు, స్ప్రింగ్ ఎగిరినట్టు వినిపిస్తుందా? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడూ, గంట నడిపాక తేడా ఉందా?

ఇవన్నీ ఒకే రోడ్డు మీద, అద్దాలు దించి, పాటలు ఆపి చూడండి. డిక్కీలో జాకీ, పానాలు, సామాను అంతా తీసి బయట పెట్టాక. నవ్వకండి, స్టెప్నీ కింద వదిలేసిన పానా కోసం నెల రోజులు సస్పెన్షన్ వెతికినవాణ్ణి నేను.

రివర్స్‌గేరు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి అన్నా. నాదీ ఇలాంటిదే, కాకపోతే నాకు గతుకుల మీద రాదు. బ్రేకు గట్టిగా వేస్తే ఒక్కసారి "ఠప్", మళ్లీ కదిలేటప్పుడు ఒక్కసారి "ఠప్". రివర్స్ తీస్తే ఇంకా బాగా వినిపిస్తుంది. ఇదీ లింక్ రాడ్డేనా?

గ్రీజుచేతులు

కాదు తమ్ముడూ. బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని రోడ్డు వెనక్కి నెడుతుంది. రివర్స్‌లో బయల్దేరినా వెనక్కే, ముందుకు కదిలితే ముందుకు. ఆ ముందూ వెనకల బలాన్ని ఆపేది లోయర్ ఆర్మ్ వెనక బుష్. అది చిరిగితే ఆర్మ్ మొత్తం జరిగి ఇనుముకు ఇనుము తగులుతుంది. నీ సంగతి అక్కడ చూడు. సబ్‌ఫ్రేమ్ బోల్టు వదులైనా, ఇంజన్ మౌంట్ పోయినా ఇలాగే ఒక్క ఠప్ వస్తుంది.

మౌంట్ తెలియాలంటే బానెట్ తెరిచి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు తొక్కి పట్టి, ఫస్ట్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి క్లచ్ కొద్దిగా వదలాలి. పక్క నుంచి చూసేవాడికి ఇంజన్ ఎంత ఎగురుతుందో కనిపిస్తుంది. బండికి ముందూ వెనకా మనిషి నిలబడకూడదు. పక్కనే ఉండాలి.

పాతబండి_16

నిన్న సాయంత్రం, ఈ రోజు పొద్దున్న, రెండుసార్లు తిప్పాను. డిక్కీ ఖాళీ చేశాను (పానా దొరకలేదు, ఎప్పుడో పోయిందనుకున్న గొడుగు దొరికింది).

స్పీడ్ బ్రేకర్ మెల్లగా ఎక్కి దిగితే శబ్దం లేదు. ఇది నాకే ఆశ్చర్యంగా ఉంది, అంత పెద్ద కదలికకు ఏమీ రాదు, చిన్న చిన్న గతుకులకు మాత్రం వరస పెట్టి వస్తుంది. ఎడమ చక్రం ఒక్కదాన్నే మెల్లగా గుంటలో దింపితే కూడా లేదు. అదే గుంట 30లో దాటితే టక్ టక్ అని రెండు. బ్రేకు మీద కాలు ఆనించినా తేడా లేదు. స్టీరింగ్ తిప్పితే ఏ శబ్దమూ లేదు. చల్లగా ఉన్నా వేడెక్కినా ఒకటే.

గ్రీజుచేతులు గారు చెప్పినట్టు స్టీరింగ్ ఊపి చూశాం. మా అబ్బాయి ఊపాడు, నేను కింద చెయ్యి పెట్టాను. టై రాడ్ ఎండ్ దగ్గర ఏమీ లేదు, ర్యాక్ తొడుగు దగ్గరా ఏమీ లేదు.

గ్రీజుచేతులు

అయితే ర్యాక్ మార్చకండి.

లింకురాడ్డు_బాధితుడు

చిన్న గతుకుల మీద వస్తుంది, స్పీడ్ బ్రేకర్ మీద రాదు. ఇది లింకు లక్షణమే కదండీ! రెండు చక్రాలూ కలిసి లేస్తే స్టెబిలైజర్ బార్ మెలి తిరగదు, లింకు మీద బరువు పడదు. ఒకటి లేచి ఒకటి లేవకపోతేనే పడుతుంది. గతుకుల రోడ్డు మీద జరిగేది అదే.

శబ్దభేది

మీ తర్కం సగం వరకు సరిగ్గానే ఉంది. కానీ ఒక్క చక్రం గుంటలో దిగినప్పుడు మెల్లగా అయితే రాలేదన్నారు చూడండి. లింకులో లూజు ఉంటే అక్కడ కనీసం ఒక్క టక్ అయినా రావాలి. బార్ మెలి తిరగడానికి వేగం అక్కర్లేదు, ఎత్తులో తేడా ఉంటే చాలు.

వాదన ఎందుకు, లింకులను తేల్చే పరీక్ష ఒకటుంది. రెండు వైపులా లింకులను విప్పి, బార్ దేనికీ తగలకుండా కట్టేసి, అదే రోడ్డు మీద మెల్లగా ఒకసారి నడపడం. మలుపుల్లో బండి మామూలు కంటే ఎక్కువ ఒరుగుతుంది కాబట్టి వేగం వద్దు, దూరమూ వద్దు. శబ్దం పోతే లింకో, బార్ బుష్షో. ఉంటే ఆ రెండింటినీ జాబితా నుంచి కొట్టేయొచ్చు. ఒక్క వైపు మాత్రమే విప్పితే కూడా బార్ పని చేయదు, కానీ వేలాడే కొస దేనికైనా తగిలి కొత్త శబ్దం పుట్టిస్తుంది.

ఇంకో మాట. లింకును చేత్తో ఊపి చూసేటప్పుడు చక్రాలు నేల మీద ఉండాలి, లేదా రెండు చక్రాలూ ఒకే ఎత్తులో వేలాడాలి. ఒక చక్రం మాత్రమే పైకి లేపితే బార్ మెలి తిరిగి లింకును బిగించి పట్టుకుంటుంది. అప్పుడు అరిగిపోయిన లింకు కూడా రాయిలా ఉంటుంది.

జాకీ_కింద_వద్దు

నా పేరే నా సలహా. కింద దూరే పని ఏదైనా జాకీ మీద వద్దు. స్టాండ్ పెట్టి, దాని మీద బరువు దించి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, తీసిన చక్రాన్ని కూడా బాడీ కింద పడేయండి. స్టాండ్ జారినా చక్రం మీద ఆగుతుంది.

పాతబండి_16

లింకులు విప్పే పని ఆదివారం పెట్టుకున్నాను. స్టాండ్లు ఉన్నాయి.

ఒక సందేహం. రెండో గ్యారేజీ ఆయన బాల్ జాయింట్ లూజు అన్నది బండిని జాకీతో లేపి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూసి. పాత ఆర్మ్ ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు దాని బాల్ జాయింట్ తిప్పి చూస్తే గట్టిగానే ఉంది. మరి ఆయనకు తగిలిన లూజు ఏమిటి?

గ్రీజుచేతులు

చక్రాన్ని 12 గంటల దగ్గరా 6 గంటల దగ్గరా పట్టుకుని ఊపితే కదిలేది బాల్ జాయింటే అని రూలేమీ లేదు. వీల్ బేరింగ్ కావచ్చు, బాల్ జాయింట్ కావచ్చు, పైన స్ట్రట్ మౌంట్ (స్ట్రట్ పై కొసను బాడీకి పట్టే రబ్బరు దిమ్మ) కావచ్చు. ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టినప్పుడు ఆ కదలిక పోతే బేరింగ్ మీద అనుమానం. పోకపోతే మిగతావి. 9, 3 దగ్గర పట్టుకుని ఊపితే కదిలితే టై రాడ్ వైపు చూడాలి.

ఊపేవాడికి చక్రం మాత్రమే కనిపిస్తుంది. జాయింటును చూసే కళ్లు ఇంకో జత కావాలి. ఒంటరిగా చేస్తే నేనైనా పొరబడతాను.

లింకురాడ్డు_బాధితుడు

బాల్ జాయింట్ చూడాలంటే జాకీ లోయర్ ఆర్మ్ కింద పెట్టాలి కదా? నాకు అలాగే నేర్పారు.

శబ్దభేది

బండిని బట్టి. స్ప్రింగ్ లోయర్ ఆర్మ్ మీద కూర్చునే డబుల్ విష్‌బోన్ (పైనొకటి, కిందొకటి ఆర్మ్ ఉండే రకం) అయితే బరువంతా కింది బాల్ జాయింట్ గుండానే పోతుంది. ఆ బరువు తీసేయాలంటే ఆర్మ్ కింద జాకీ పెట్టాలి. మెక్‌ఫర్సన్‌లో స్ప్రింగ్ స్ట్రట్ మీదే ఉంటుంది, బండి బరువు పైన మౌంట్ నుంచి స్ట్రట్ గుండా చక్రానికి దిగుతుంది. కింది బాల్ జాయింట్ పని చక్రాన్ని తన చోట పట్టుకుని ఉండటమే. అక్కడ బాడీ కింద జాకీ పెట్టి, చక్రం వేలాడుతుండగా, ఆర్మ్‌కీ నకిల్‌కీ (చక్రం బిగించి ఉండే ముక్కకీ) మధ్య పొడవాటి రాడ్డు పెట్టి మెల్లగా ఎత్తి చూడాలి.

పాతపుస్తకాల_కారు

మెక్‌ఫర్సన్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట, ఆపుకోలేను. ఎర్ల్ మెక్‌ఫర్సన్ ఈ ఆలోచనను మొదట జనరల్ మోటార్స్‌లో, చౌకగా ఒక చిన్న షెవర్లే తేవాలని చూస్తున్న రోజుల్లో చేశారు. ఆ కారు మార్కెట్‌లోకి రాలేదు. ఆయన ఫోర్డ్‌కు మారారు, 1950లో బ్రిటన్‌లో చూపించిన ఫోర్డ్ కాన్సల్‌కు ముందు వైపు ఈ స్ట్రట్లే ఉన్నాయి. పైన ఆర్మ్ అక్కర్లేకుండా షాక్ అబ్జార్బర్‌నే ఒక స్తంభంలా వాడుకోవడం ఆయన తెలివి. అందుకే స్ట్రట్ పైన ఉండే రబ్బరు మౌంట్ మీద ఇంత భారం. బరువు మోస్తుంది, స్టీరింగ్‌తో పాటు తిరగనిస్తుంది, కుదుపు కూడా తాగుతుంది.

గ్రీజుచేతులు

చరిత్ర అయ్యిందా సార్. పాతబండి గారూ, ఆదివారం ఏమైంది?

పాతబండి_16

లింకులు విప్పాం. శబ్దం ఉంది. ఏ మాత్రం తగ్గలేదు.

లింకురాడ్డు_బాధితుడు

సరే. ఒప్పుకుంటున్నాను. లింకులు కావు.

శబ్దభేది

మంచిది, ఒక్క ఆదివారంతో చాలా కొట్టేశాం. బ్రేకు ఆనించినా మారలేదు కాబట్టి బ్రేకు ప్యాడ్లు, వాటిని నొక్కే క్యాలిపర్ మీద నాకు పెద్దగా అనుమానం లేదు. క్యాలిపర్ పిన్ను వదులైతే చిన్న గతుకుల మీద అచ్చం ఇలాగే కటకట అంటుంది, కానీ బ్రేకు తాకగానే నోరు మూసుకుంటుంది. స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ ఎగరడం లేదు కాబట్టి మౌంట్ బేరింగ్ బిగుసుకోలేదు. ర్యాక్ కాదు. లింకు కాదు.

మిగిలిన గుర్తు మీరే చెప్పారు, మీకే ఆశ్చర్యంగా ఉందన్నది. పెద్ద కదలికకు రాదు, మెల్లగా అసలే రాదు, వేగంగా జరిగే చిన్న కదలికకు వస్తుంది. సస్పెన్షన్‌లో కదలిక ఎంత అన్నదాన్ని పట్టించుకోకుండా, ఎంత వేగంగా అన్నదాన్నే పట్టించుకునే భాగం ఒక్కటే ఉంది. షాక్ అబ్జార్బర్. స్ప్రింగ్‌ను ఎంత నొక్కితే అంత ఎదురు నెడుతుంది, మెల్లగా నొక్కినా అంతే. షాక్ అబ్జార్బర్ లోపల నూనె సన్నని దారుల గుండా పోవాలి కాబట్టి మెల్లగా నొక్కితే దాదాపు ఏమీ అనదు, విసురుగా నొక్కితే గట్టిగా అడ్డుపడుతుంది.

ఇప్పుడు షాక్ అబ్జార్బర్ నుంచి పైకి వచ్చే పిస్టన్ రాడ్డు పై కొస మౌంట్‌లో కాస్త వదులుగా ఉందనుకోండి. స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా వెళ్తే రాడ్డు మీద బలమే లేదు, అది ఆ ఖాళీని దాటి కొట్టుకోదు. గతుకుల మీద చక్రం సెకనుకు పది పన్నెండు సార్లు ఊగుతుంది. ఒకసారి రాడ్డు పైకి తంతుంది, వెంటనే కిందికి లాగుతుంది. దిశ మారిన ప్రతిసారీ ఆ ఖాళీలో ఒక టక్.

అందుకని ఒక ప్రశ్న. ఈ శబ్దం మొదలయ్యే ముందు ఏ పని చేయించారు? సంబంధం లేదనుకున్నది కూడా చెప్పండి.

పాతబండి_16

అబ్బ. రాయాల్సింది రాయలేదు.

ఎనిమిది నెలల కింద ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్పించాను. నూనె కారుతోందని. మార్చిన రెండు మూడు నెలల వరకు ఏ శబ్దమూ లేదు, తర్వాత మెల్లగా మొదలైంది. అందుకే రెంటికీ ముడిపెట్టలేదు. కొత్తవి కదా, అవి బాగానే ఉంటాయి అనుకున్నాను.

గ్రీజుచేతులు

ఇది మొదటి రోజే చెప్పి ఉంటే లోయర్ ఆర్మ్ మిగిలేది. తిట్టడం లేదు సార్, నా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది ఇంతే. కొత్తగా వేసింది ఏదో దాన్నే ముందు అనుమానించాలి.

బానెట్ తెరవండి. స్ట్రట్ టవర్ (స్ట్రట్ పై కొస బాడీలో కూర్చునే చోటు) మీద రబ్బరు మూత ఉంటే తీయండి. మధ్యలో పెద్ద నట్టు కనిపిస్తుంది. దాన్ని విప్పకండి, పానా పెట్టి బిగుతు మాత్రం చూడండి. చుట్టూ ఉన్న చిన్న నట్లు బాడీకి మౌంట్‌ను పట్టుకునేవి, అవీ చూడండి.

జాకీ_కింద_వద్దు

మధ్య నట్టును విప్పకండి అన్నది ఆయన మామూలుగా చెప్పారు, నేను అరిచి చెబుతాను. నొక్కుకుని ఉన్న స్ప్రింగ్‌ను లోపల ఆపుతున్నది ఆ నట్టే. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా దాన్ని విప్పితే స్ప్రింగ్ పైకి తన్నుకొస్తుంది. చెయ్యి పోయినవాళ్లున్నారు, ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు.

పాతబండి_16

చూశాను. మధ్య నట్టు రెండు వైపులా బిగుతుగానే ఉంది. అసలు కదల్లేదు. చుట్టూ నట్లు కూడా అంతే. అంటే ఇదీ కాదా?

లింకురాడ్డు_బాధితుడు

నట్టు బిగుతుగా ఉంటే రాడ్డు ఎలా ఊగుతుంది? ఇంకేదైనా చూడండి. స్ప్రింగ్ కింది చుట్టు విరిగిందేమో? పాత బళ్లలో అది స్ప్రింగ్ కూర్చునే సీటు లోపల దాక్కుని కనిపించదు.

శబ్దభేది

స్ప్రింగ్ మాట మంచిదే, టార్చి వేసి చూడండి. కానీ మౌంట్‌ను ఇంకా వదలను. నట్టు బిగుతు అన్నంత మాత్రాన మౌంట్ బిగుతు అని కాదు.

మూత తీసి ఉంచి, ఇంజన్ ఆపి, మీ అబ్బాయిని ఫెండర్ మీద బరువు వేసి ఒక్కసారి నొక్కి చటుక్కున వదలమనండి. మీరు ఆ నట్టు మీద రెండు వేళ్లు ఆనించి, బొటనవేలు పక్కన టవర్ ఇనుము మీద ఉంచండి. మెల్లగా నొక్కితే తెలియదు, చటుక్కున వదలాలి. ముందు కుడి వైపు చేసి, తర్వాత ఎడమ. మన దగ్గర కొలత పరికరం లేదు కానీ, పోల్చుకోవడానికి ఇంకో వైపు ఉంది.

ఇంకోటి. నట్టు పైన రాడ్డు థ్రెడ్లు ఎన్ని బయటికి కనిపిస్తున్నాయో రెండు వైపులా లెక్కపెట్టండి.

రివర్స్‌గేరు

అన్నా, మళ్లీ నేనే. చూపించాను. ఇంజన్ మౌంట్లు బాగున్నాయి. ఆర్మ్ వెనక బుష్ మధ్యలో చీలి ఉంది. కానీ అది వేయించి ఏడాది కూడా కాలేదు! ఇంత త్వరగా ఎలా పోతుంది?

గ్రీజుచేతులు

చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేసి ఉంటారు. ఈ రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టం బోల్టుతో గట్టిగా పట్టేసుకుంటుంది, ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరు మెలి తిరగడమే దాని పని. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఆపైన ప్రతి గుంటా దాన్ని ఇంకా తిప్పుతుంది. చీలక ఏం చేస్తుంది?

ఈసారి వేసేటప్పుడు బోల్టు చేత్తో పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు చేయమను. దగ్గర నిలబడి చూసుకో.

పాతబండి_16

దొరికినట్టుంది!!

కుడి వైపు వదిలినప్పుడు నట్టూ టవర్ మధ్య కొద్దిగా రబ్బరు సాగినట్టు, మెత్తగా తెలిసింది. ఎడమ వైపు వేళ్ల కింద స్పష్టంగా "టిక్". మూడుసార్లు చేశాం, మూడుసార్లూ. మా అబ్బాయి బయట నిలబడి వినగలిగాడు.

థ్రెడ్లు: కుడి వైపు నట్టు పైన మూడు. ఎడమ వైపు ఏడు.

శబ్దభేది

ఏడా! ఇక అనుమానం లేదు.

ఎడమ వైపు నట్టు రాడ్డు మీద నాలుగు థ్రెడ్లు ఎక్కువ కిందికి దిగింది. అంటే నట్టుకు కింద ఉండాల్సిన మందం ఏదో లేదు. వాషర్ గానీ, చిన్న స్పేసర్ గానీ పాత షాక్ అబ్జార్బర్‌తో పాటే వెళ్లిపోయి ఉంటుంది. నట్టు థ్రెడ్లు అయిపోయే చోటి దాకా వెళ్లి అక్కడ బిగుసుకుంది. పానాకు రాయిలా అనిపిస్తుంది, కానీ అది బిగుసుకున్నది రాడ్డు మీద, మౌంట్ మీద కాదు. మొదట్లో కొత్త రబ్బరు ఆ ఖాళీని నింపి ఉంటుంది. రెండు మూడు నెలల్లో రబ్బరు సర్దుకుని అణిగాక టక్ టక్ మొదలైంది. మీరు చెప్పిన కాలానికి కూడా సరిపోతోంది.

గ్రీజుచేతులు

నేను పానా పెట్టి చూడమన్నాను కానీ థ్రెడ్లు లెక్కపెట్టమనలేదు. ఇక నుంచి నేనూ లెక్కపెడతాను.

స్ట్రట్ దించాల్సిందే. కంప్రెసర్ ఉన్న చోటే చేయించండి. దించాక మౌంట్, బేరింగ్ రెండూ కొత్తవి వేయండి. ఇన్ని నెలలు దెబ్బలు తిన్న రబ్బరును మళ్లీ వాడొద్దు. కుడి వైపు కూడా విప్పి ఏ వాషర్ ఏ వరసలో ఉందో ఫోటో తీసుకోండి. గిన్నెలా వంగిన వాషర్ అయితే ఏ ముఖం పైకి ఉందో కూడా. మధ్య నట్టు పాతది వద్దు, కొత్తది. దాన్ని ఇంపాక్ట్ గన్‌తో బిగించనివ్వకండి. రాడ్డు కూడా నట్టుతో పాటు తిరిగిపోతుంది, బిగిసిందో లేదో ఎవరికీ తెలియదు. రాడ్డును అలెన్ కీతో పట్టి, చేతి పానాతో, బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (బిగింపు కొలతకు).

తర్వాత వీల్ అలైన్‌మెంట్. స్ట్రట్‌ను నకిల్‌కు పట్టే రెండు బోల్టులు విప్పి బిగిస్తే క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) మారొచ్చు.

పాతపుస్తకాల_కారు

మొదటి గ్యారేజీ నుంచి ర్యాక్ దాకా ఎవరూ బానెట్ తెరవలేదన్నమాట. అందరూ కిందికే చూశారు.

పాతబండి_16

నిజమే, నేను కూడా.

పని శుక్రవారం పెట్టుకున్నాను, కంప్రెసర్ ఉన్న చోట. దగ్గరే ఉంటాను.

రివర్స్‌గేరు

నాది అయిపోయింది అన్నా. బుష్ కొత్తది వేశారు. చివరి బిగింపు బండి ర్యాంప్ మీద నాలుగు చక్రాల మీద నిలబెట్టి చేయించాను. అక్కడి కుర్రాడు "ఇంత అవసరమా" అన్నాడు. రివర్స్‌లో ఠప్ లేదు. బ్రేకు వేసినా లేదు.

పాతబండి_16

ఆలస్యానికి ఏమనుకోకండి, అలైన్‌మెంట్ కూడా అయ్యాక రాద్దామని ఆగాను.

స్ట్రట్ దించి స్ప్రింగ్ నొక్కి నట్టు విప్పారు. కుడి వైపు మౌంట్ కింద, రాడ్డు భుజం (రాడ్డు సన్నబడే చోటి మెట్టు) మీద, మందపాటి వాషర్ ఒకటి ఉంది. ఎడమ వైపు అది లేనే లేదు. రాడ్డు భుజం నేరుగా మౌంట్ లోపలి గొట్టానికి తగిలి, గొట్టం అంచు మెరుస్తోంది, సుత్తితో కొట్టినట్టు నొక్కుకుపోయి ఉంది. రబ్బరు ఒక వైపు ఊడిపోయింది. కొత్త మౌంట్లు, బేరింగులు, నట్లు రెండు వైపులా వేయించాను, వాషర్‌ను కుడిదానితో కొలిచి అదే మందంలో తెచ్చాం. స్ప్రింగ్ కింది చుట్టు కూడా చూశాం, విరగలేదు.

అదే గతుకుల రోడ్డు మీద నాలుగుసార్లు తిప్పాను. నిశ్శబ్దం. మా అబ్బాయి నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు, ఎందుకంటే రోజూ ఫెండర్ మీద ఎక్కి దూకే పని తప్పింది.

ఇప్పుడు రెండు వైపులా నట్టు పైన మూడు థ్రెడ్లే. ఇంటికొచ్చాక టార్చి వేసి నేనే లెక్కపెట్టాను.